విద్యార్థులు నడిపే వైద్య పత్రికకు నూరేళ్లు

ఇన్సులిన్ పుట్టిన ఊళ్లోనే పుట్టిన పత్రిక - పల్లె రోగికీ పనికివచ్చే పాఠం

కాలేజీ మేగజైన్ అనగానే మనకు గుర్తుకు వచ్చేది ఒకటే. ఏడాదికి ఒకసారి వస్తుంది. మొదటి పేజీలో ప్రిన్సిపాల్‌గారి ఫోటో, మధ్యలో విద్యార్థుల కవితలు, చివర ఆటల పోటీల్లో కప్పు గెలిచినవారి గ్రూపు ఫోటో. పంచిన నెలకే అది అటకెక్కుతుంది. కాని విద్యార్థులే పెట్టి, విద్యార్థులే నడుపుకుంటూ వచ్చిన ఒక పత్రిక నూరేళ్లు నిలిచిందంటే ఆశ్చర్యమే. కెనడా దేశంలోని టొరంటో విశ్వవిద్యాలయంలో 1923లో ఆరంభమైన ‘యూనివర్సిటీ ఆఫ్ టొరంటో మెడికల్ జర్నల్’కు 2023తో నూరేళ్లు నిండాయి. ఆ దేశంలో విద్యార్థులు నడిపే వైద్య పత్రికలన్నిటిలోకి ఇదే పాతది.

ఎక్కడి కెనడా, ఎక్కడి మన పల్లె? ఇంగ్లీషులో వెలువడే డాక్టరు చదువుల పత్రికతో మనకేమి పని అని పాఠకులకు అనిపించవచ్చు. పని ఉన్నది. ఈనాడు మన ఊళ్లలో చక్కెర వ్యాధి లేని వీధి లేదు. ఆ రోగుల్లో ఎందరినో బతికిస్తున్న ఇన్సులిన్ పుట్టింది ఆ టొరంటోలోనే, ఆ రోజుల్లోనే. అది పుట్టడానికి ఒక వైద్య పత్రికలోని వ్యాసమూ, కొందరు విద్యార్థుల శ్రమా కారణమయ్యాయి.

నిద్ర పట్టనివ్వని వ్యాసం

1920 నాటి మాట. ఫ్రెడరిక్ బాంటింగ్ అనే యువ వైద్యుడు కెనడాలోని లండన్ అనే పట్టణంలో బోర్డు కట్టి ప్రాక్టీసు మొదలుపెట్టాడు. రోగులు రాలేదు. మొదటి నెల సంపాదన నాలుగు డాలర్లు. కడుపు నిండక అక్కడి వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పే చిన్న ఉద్యోగం చూసుకున్నాడు. పాఠానికి తయారవుతూ అక్టోబరు 30 రాత్రి ఒక వైద్య పత్రిక తిరగేస్తుండగా మోజెస్ బారన్ అనే వైద్యుడి వ్యాసం కంటపడింది. కడుపులో ఉండే క్లోమ గ్రంథికీ, చక్కెర వ్యాధికీ ఉన్న సంబంధం గురించిన వ్యాసమది. అది చదివాక ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున రెండు గంటలకు లేచి, తనకు తట్టిన ఆలోచనను నోటుపుస్తకంలో నాలుగు ముక్కలుగా రాసుకున్నాడు.

ఆ ఆలోచన పట్టుకుని టొరంటో విశ్వవిద్యాలయానికి వెళ్లి ప్రొఫెసర్ మెక్లియడ్‌ను ఆశ్రయించాడు. మెక్లియడ్ 1921 వేసవిలో ఒక గది, కొన్ని కుక్కలు, సాయానికి విద్యార్థులను ఇచ్చాడు. సాయానికి ఒప్పుకున్న విద్యార్థులు ఇద్దరు, చార్లెస్ బెస్ట్, క్లార్క్ నోబుల్. ముందు ఎవరు పని చేయాలన్నది బొమ్మా బొరుసూ వేసి తేల్చుకున్నారని, బెస్ట్ గెలిచాడని చెబుతారు. అప్పటికి బెస్ట్ వయస్సు 22 సంవత్సరాలు.

ఆ రోజుల్లో చక్కెర వ్యాధి పిల్లలకు వస్తే తల్లిదండ్రులు ఆశ వదులుకోవలసిందే. ఒకటి రెండేళ్లకు మించి బతికేవారు కాదు. ఆ కాస్త రోజులైనా పస్తులు పెట్టి నిలబెట్టేవారు. లెనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ల పిల్లవాడు టొరంటో జనరల్ ఆసుపత్రిలో చేరేనాటికి సుమారు ముప్ఫై కిలోల బరువుకు దిగిపోయాడు. 1922 జనవరి 11న అతనికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. మందు శుద్ధంగా లేనందున పనిచేయలేదు సరికదా, వికటించింది. కోలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రాత్రింబవళ్లు కష్టపడి దానిని శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్లీ ఇచ్చారు. ఈసారి పిల్లవాడి రక్తంలో చక్కెర దిగింది, మొహం తేటపడింది. లెనార్డ్ మరి 13 ఏళ్లు బతికాడు.

1923లో బాంటింగ్‌కు, మెక్లియడ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. బాంటింగ్ తన వాటాలో సగం బెస్ట్‌కు, మెక్లియడ్ తన వాటాలో సగం కోలిప్‌కు పంచారు. ఇన్సులిన్ పేటెంటు హక్కును విశ్వవిద్యాలయానికి తలా ఒక డాలరుకు ఇచ్చివేశారు. అదే 1923లో, అదే విశ్వవిద్యాలయంలో విద్యార్థుల వైద్య పత్రిక మొదలయింది. విశాఖపట్నంలో నేటి ఆంధ్ర వైద్య కళాశాల ప్రారంభమైనది కూడా ఆ సంవత్సరమే కావడం విశేషం.

ఇక్కడ మరొక సంగతి చెప్పుకోవాలి. ఆ రాత్రి బాంటింగ్ నోటుపుస్తకంలో రాసుకున్న పద్ధతి పూర్తిగా సరైనది కాదు. క్లోమ గ్రంథి నాళాన్ని కట్టివేసి, కొన్ని వారాలు ఆగి, ఆ తర్వాత రసం తీయాలని ఆయన అనుకున్నాడు. అంత అవసరం లేదని, కబేళాలో దొరికే పశువుల క్లోమం నుంచి నేరుగా తీయవచ్చునని తర్వాత తేలింది. తప్పు ఉన్నా నలుగురిలో పెట్టి పరీక్షించారు గనుక తప్పు పోయింది, మందు మిగిలింది. వైద్య పత్రికలు ఉన్నది ఈ పని కోసమే.

విద్యార్థి దశలోనే

చదువుకునే కుర్రవాళ్లు వైద్యశాస్త్రంలో చేయగలిగింది ఏముంటుంది అనుకోరాదు. క్లోమ గ్రంథిలో ఇన్సులిన్ పుట్టే కణాల గుంపులను మొదట గుర్తించింది పాల్ లాంగర్‌హాన్స్. అది 1869లో. అప్పటికాయన బెర్లిన్‌లో వైద్య విద్యార్థి, వయస్సు 21. ఆ గుంపులు ఏమి పని చేస్తాయో ఆయనకూ తెలియదు, తెలియదనే తన థీసిసులో రాశాడు. ఆ కణాలను నేటికీ లాంగర్‌హాన్స్ పుటికలు అనే పిలుస్తారు. రక్తం గడ్డ కట్టకుండా గుండె ఆపరేషన్లలో, డయాలిసిస్‌లో వాడే హెపారిన్‌కు మూలమైన పదార్థాన్ని 1916లో అమెరికాలో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి కనుగొన్నాడు. తర్వాత దానిని శుద్ధి చేసి రోగులకు పనికివచ్చేట్టు చేసినవారిలో టొరంటోకు చెందిన చార్లెస్ బెస్ట్ బృందం ముఖ్యమైనది.

మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు సంగతి చూడండి. 1895లో భీమవరంలో పుట్టి, మదరాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి హార్వర్డులో చేరాడు. 1925లో తన గురువు ఫిస్కేతో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ ఉండే భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఒక పరిశోధన పత్రికలో ప్రకటించాడు. అప్పటికి ఆయన ఇంకా పి.హెచ్‌డి. విద్యార్థియే. ఆ పద్ధతి ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ప్రపంచమంతటా పాఠ్య పుస్తకాలకెక్కింది. తర్వాతి కాలంలో ఆయన నాయకత్వంలో వచ్చినదే బోదకాలు మందు. బోదకాలు ఉన్న జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే డి.ఇ.సి. మాత్ర అదే.

పత్రిక పని ఎలా సాగుతుంది?

విద్యార్థుల వైద్య పత్రిక అంటే కవితల సంచిక కాదు. అందులో పరిశోధన వ్యాసాలు, అరుదైన రోగాల వివరాలు, కొత్త చికిత్సల మీద సమీక్షలు ఉంటాయి. రాసేవారిలో ఎక్కువమంది విద్యార్థులే. వచ్చిన వ్యాసాన్ని విద్యార్థి సంపాదకులు మొదట చదువుతారు. పనికివస్తుంది అనుకుంటే ఆ విషయం తెలిసినవారికి పంపుతారు. వారు తప్పులు పట్టి తిప్పి పంపుతారు. రాసినవారు సమాధానం చెప్పుకోవాలి, సరిదిద్దుకోవాలి. చెప్పుకోలేకపోతే వ్యాసం అచ్చు కాదు.

సంతలో ఎడ్లు కొనేటప్పుడు మన రైతు చేసేదీ ఇదే. అమ్మేవాడు చెప్పినదల్లా నమ్మడు. వెంట నలుగురిని తీసుకుపోతాడు. ఒకరు పళ్లు చూస్తారు, ఒకరు సుడులు చూస్తారు, ఒకరు నడిపించి చూస్తారు. అందరూ సరే అన్నాకే బయానా ఇస్తాడు. వైద్య పత్రికలో వ్యాసానికి జరిగే పరీక్షా అలాంటిదే. తోటివారి పరీక్షకు నిలవనిది పేజీలోకి ఎక్కకూడదు.

ఆ పరీక్షలో అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మందు ఎంతమందికి ఇచ్చారు? మందు ఇవ్వనివారితో పోల్చి చూశారా? ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వరాదు అన్నది ఎలా నిర్ణయించారు? రోగి అనుమతి తీసుకున్నారా? ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? రోగి పేరు, ఊరు బయటపడకుండా జాగ్రత్త పడ్డారా? ఈ ప్రశ్నలు ఇరవై ఏళ్ల వయస్సులో అడగడం నేర్చుకున్న విద్యార్థి, రేపు డాక్టరయ్యాక మందుల కంపెనీ మనిషి వచ్చి కొత్త మందు గొప్పలు చెప్పినపుడు కూడా అడుగుతాడు. లాభం అతని ముందు కుర్చీలో కూర్చున్న రోగికి.

పోల్చి చూడడం ఎందుకంటే, కామెర్ల సంగతే తీసుకుందాం. మన ఊళ్లలో కామెర్లు రాగానే పసరు మందుకు పరుగెత్తేవారు ఎందరో. కలుషిత నీటి వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకున్నా తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది. తాగనివారిని కూడా లెక్కలోకి తీసుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది. అయితే కామెర్లన్నీ ఒకటి కావు. పిత్తాశయంలో రాయి వల్ల, ఇతర కాలేయ వ్యాధుల వల్ల వచ్చినవి వాటంతట అవి పోవు. గర్భిణికి వచ్చిన కామెర్లు ప్రాణం మీదికి తేవచ్చు. అలాంటివారు పసరును నమ్ముకుని ఆలస్యం చేస్తే నష్టం తీరనిది.

నాలుగేళ్లకు చేతులు మారే పత్రిక

విద్యార్థుల పత్రికకు ఒక కష్టం ఉన్నది. నడిపేవారు నిలకడగా ఉండరు. టొరంటోలో ఇప్పుడు వైద్య విద్య నాలుగేళ్లు. పని నేర్చుకునే లోపే పరీక్షలు, పట్టా, వీడ్కోలు. ఈ లెక్కన చూస్తే నూరేళ్లలో పాతిక తరాల విద్యార్థుల చేతులు మారినట్టు. వెళ్లేవారు వచ్చేవారికి పని అప్పగించి వెళ్లాలి. ఒక్క తరం ‘మనకెందుకులే’ అనుకున్నా పత్రిక ఆగిపోతుంది. ఊళ్లో గ్రంథాలయమో, యువజన సంఘమో పెట్టి నడిపినవారికి ఈ కష్టం ఎలాంటిదో తెలుసు. మొదటి ఏడాది ఉత్సాహం రెండో ఏడాదికి ఉండదు. పెట్టినవారు ఉద్యోగాలకు పోగానే తలుపులు మూతపడతాయి.

టొరంటో ఒక్కటే కాదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో 1928లో మొదలైన జీవ, వైద్య శాస్త్రాల పత్రిక కూడా విద్యార్థుల సంపాదకత్వంలోనే వెలువడుతున్నది. ఆ విశ్వవిద్యాలయంలో ప్రతి వైద్య విద్యార్థీ ఒక పరిశోధన వ్యాసం రాయాలన్న నియమం పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నది.

అచ్చయిందల్లా నిజం కాదు

ఇంత పరీక్ష జరిగినా తప్పులు దొర్లవా అంటే, దొర్లుతాయి. 1998లో ఇంగ్లండులో పెద్ద పేరున్న ‘లాన్సెట్’ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. తట్టు టీకాతో కలిపి వేసే ఒక టీకాకూ, పిల్లల మానసిక ఎదుగుదల లోపానికీ సంబంధం ఉన్నట్టు అందులో సూచించారు. చూసింది 12 మంది పిల్లలను. పోల్చి చూసింది ఎవరితోనూ లేదు. ఆ వ్యాసం చదివి, విని, భయపడి ఎందరో తల్లిదండ్రులు టీకాలు మాన్పించారు. తర్వాత లక్షల మంది పిల్లలను పరిశీలించి అలాంటి సంబంధం లేదని తేల్చారు. 2010లో ‘లాన్సెట్’ ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. కాని పన్నెండేళ్లలో పుట్టిన భయం పూర్తిగా పోలేదు. టీకా మానిన చోట తట్టు మళ్లీ తలెత్తింది.

ఇటీవలి సంవత్సరాల్లో మరొక బెడద వచ్చింది. డబ్బు కడితే చాలు, ఏ పరీక్షా లేకుండా ఏ వ్యాసమైనా వేసే పత్రికలు ఇంటర్నెట్‌లో పుట్టగొడుగుల్లా మొలిచాయి. ప్రమోషన్‌కో, సీటుకో వ్యాసం కావాలన్నవారు వాటిని ఆశ్రయిస్తున్నారు. అలాంటి చోట అచ్చయిన వ్యాసాన్ని చూపించి మందు అమ్మేవారూ తయారవుతున్నారు. ‘మా మందు మీద జర్నల్‌లో వచ్చింది’ అన్న మాట ఒక్కటే చాలదని, ఆ జర్నల్ ఎలాంటిదో కూడా చూడాలని గ్రహించాలి. పరీక్ష ఎలా చేయాలో విద్యార్థి దశలోనే నేర్పే పత్రికలకు ఇందుకే విలువ పెరిగింది.

ఒక వ్యాసంతో మారిన క్షయ చికిత్స

సక్రమంగా జరిగిన పరిశోధన, సక్రమంగా అచ్చయితే పల్లె జీవితాన్ని ఎలా మారుస్తుందో తెలుసుకోవడానికి కెనడా దాకా పోనక్కరలేదు. ఒకప్పుడు క్షయ వస్తే శానిటోరియంలో చేరాలి. మదనపల్లి దగ్గరి ఆరోగ్యవరం వంటి చోట్ల నెలల తరబడి ఉండాలి. మంచాలు కొన్ని, రోగులు వేలు. కూలి మానుకుని, పిల్లలను వదిలి అంతకాలం ఉండడం బీదవాడికి అయ్యే పని కాదు.

1956లో మదరాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఏర్పడింది. 193 మంది బీద రోగులను తీసుకుని చీటీలు వేసినట్టుగా రెండు వర్గాలు చేశారు. ఒక వర్గాన్ని శానిటోరియంలో ఉంచారు. రెండవ వర్గానికి ఇంటి దగ్గరే చికిత్స. రెండు వర్గాలకూ ఏడాదిపాటు అవే మందులు. శానిటోరియం వారికి మంచి తిండి, విశ్రాంతి. ఇంటివారికి ఇరుకు గుడిసె, అరకొర తిండి. ఏడాది తర్వాత చూస్తే రెండు వర్గాలకూ పెద్ద తేడా లేదు. మందులు సక్రమంగా మింగితే ఇంటి దగ్గరా క్షయ నయమవుతుందని తేలింది. ఇంట్లో మిగతావారికి అంటుకునే ప్రమాదం కూడా దానివల్ల పెరగలేదని తర్వాతి పరిశీలనల్లో తెలిసింది. 1959లో ఈ వివరాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడ్డాయి. ఇంటి దగ్గర క్షయ చికిత్స అన్ని దేశాలకూ పాకడానికి అదే పునాది. ఈనాడు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా మందులు తీసుకుని ఇంటి దగ్గర మింగుతున్న రోగి, ఆ 193 మందికి రుణపడి ఉన్నాడు.

మన విద్యార్థులకు దారి

మన పల్లెల నుంచి ఏటా ఎందరో పిల్లలు వైద్య కళాశాలల్లో చేరుతున్నారు. పరిశోధన అనేది పెద్ద నగరాల వారికే అని వారు వెనుకాడనక్కరలేదు. భారత వైద్య పరిశోధన మండలి 1979లోనే వైద్య విద్యార్థుల కోసం ఒక పథకం ప్రారంభించింది. ఎంపికైన విద్యార్థి తన కళాశాల అధ్యాపకుని పర్యవేక్షణలో రెండు నెలలు ఒక విషయంపై పరిశోధన చేసి నివేదిక ఇస్తే భృతి లభిస్తుంది. పరిశోధనకు పెద్ద యంత్రాలే ఉండాలని లేదు. ఊళ్లో ఎంతమంది గర్భిణులు ఐరన్ మాత్రలు నిజంగా మింగుతున్నారు, మింగనివారు ఎందుకు మానుతున్నారు అన్నది కూడా పరిశోధనే. తన ఊరి భాష, తన ఊరి మొగమాటం తెలిసిన పిల్లవాడికి నిజం చెప్పినట్టు బయటి వారికి ఎవరూ చెప్పరు.

మనం అడగవలసిన ప్రశ్నలు

చక్కెర వ్యాధి మన పల్లెల్లో పెరుగుతున్నకొద్దీ దానికి విరుగుడు అమ్మేవారూ పెరుగుతున్నారు. నలభై రోజులు ఈ పొడి తాగితే ఇన్సులిన్ అక్కరలేదంటారు. ఇంగ్లీషు మందులు కిడ్నీలు తినేస్తాయని భయపెడతారు. ముఖ్యంగా చిన్నపిల్లలకు వచ్చే చక్కెర వ్యాధిలో ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారు కాదు. ఆ పిల్లలకు సూది మాన్పించడం అంటే 1921 నాటి స్థితికి పంపడమే. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, నోటి నుంచి పండు వాసన, మగత కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

అలాంటి మందు అమ్మేవారు ఎదురైనపుడు మూడు ప్రశ్నలు అడగండి. దీనిని ఎంతమందికి ఇచ్చి చూశారు? ఇవ్వనివారితో పోల్చి చూశారా? ఆ ఫలితాన్ని తెలిసినవారు ఎవరు పరీక్షించారు? ఇవి అడగడానికి డాక్టరు చదువు అక్కరలేదు. ‘ఫలానా ఊళ్లో ఫలానావారికి తగ్గింది’ అన్నది వీటికి సమాధానం కాదు. సరైన సమాధానం రాకపోతే, వాడుతున్న మందు మానకుండా ఆ ప్రశ్నలనే మీ ఆరోగ్య కేంద్రం డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లండి. ఆయన రాసే మందుల గురించి కూడా అవే అడగవచ్చు. మంచి డాక్టరు విసుక్కోడు, కూర్చోబెట్టి చెబుతాడు.